ఇంట్లో కుక్క, పిల్లి, కుందేలు ఉండగా పిట్ బుల్‌ను దత్తత తీసుకోవచ్చా?

మీ ప్రశ్న సారాంశం ఇది. డాలస్ శివార్లలో మీకు సొంత ఇల్లు ఉంది. హైదరాబాద్ నుంచి వెంట తెచ్చుకున్న ఆరేళ్ల ఆడ ఇండీ (మన దేశవాళీ) కుక్క, తొమ్మిదేళ్ల పిల్లి, మీ అమ్మాయి పెంచుకుంటున్న కుందేలు ఆ ఇంట్లో ఉన్నాయి. దిక్కులేని జంతువులను ఉంచే షెల్టర్‌లో చూసిన ఏడాదిన్నర వయసు మగ పిట్ బుల్ మిశ్రమ జాతి కుక్క మీ అందరికీ నచ్చింది. దాన్ని తెచ్చుకుంటే ఇవన్నీ కలిసి ఉండగలవా అని అడిగారు. వేసవిలో మీ అత్తగారూ మామగారూ వచ్చి ఆరు నెలలు ఉంటారని కూడా చివర్లో రాశారు. మీరు యథాలాపంగా రాసినట్టున్న ఆ మాట ఈ నిర్ణయంలో చాలా ముఖ్యమైనది. దాని దగ్గరకు తర్వాత వస్తాను.

సూటిగా చెప్పాలంటే, మీ ఆడకుక్కతో కలిసి ఉండే అవకాశం బాగానే ఉంది, పిల్లితో కుదురుతుందో లేదో ఆ ఒక్క కుక్కను పరీక్షించి చూస్తే తప్ప ఎవరూ చెప్పలేరు, కుందేలుతో మాత్రం ఎప్పటికీ కలపకూడదు. ఎంత స్నేహం కుదిరినా, మనిషి దగ్గర లేనప్పుడు ఈ జంతువులను ఒకే గదిలో వదలకుండా ఉండటం ఆ కుక్క బతికినంతకాలం మీరు పాటించాల్సిన నియమం. పది పన్నెండేళ్లపాటు తలుపులూ గేట్లూ చూసుకుంటూ బతకడానికి ఇంట్లో అందరూ ఒప్పుకుంటేనే ముందుకు వెళ్లండి. ఒప్పుకోకపోతే ఆ కుక్కను వేరే పెంపుడు జంతువులు లేని ఇంటికి వెళ్లనివ్వడం దానికీ మీకూ మేలు.

నేను టెక్సస్‌లో షెల్టర్ కుక్కలకు శిక్షణ ఇస్తూ, దత్తతకు ముందు కొన్నింటిని ఇంట్లో పెట్టుకుని చూసుకునే పని చాలా ఏళ్లుగా చేస్తున్నాను. ఇక్కడి షెల్టర్లలో ఎక్కువగా కనిపించేవి ఈ రకం కుక్కలే కాబట్టి నా అనుభవంలో అధిక భాగం వీటితోనే. మనుషుల పట్ల ఇవి చూపే ఆపేక్ష నాకు బాగా తెలుసు. మీ అమ్మాయి షెల్టర్‌లో ఆ కుక్క ముందు కూర్చోగానే అది ఒళ్లోకి ఎక్కేసిందని రాశారు. అది నిజమైన ప్రేమే. అయితే మనిషితో కుక్క ప్రవర్తన వేరు, మరో జంతువుతో దాని ప్రవర్తన వేరు. మనిషి ఒళ్లో పడుకునే కుక్క పిల్లి కనబడగానే పూర్తిగా మారిపోవచ్చు, మనుషులను చూసి బెదిరే కుక్క పిల్లి పక్కన హాయిగా నిద్రపోవచ్చు. మొదటిదాన్ని చూసి రెండోది ఊహించకండి.

ఈ కుక్కల గురించి మీకు రెండు రకాల మాటలు వినిపిస్తాయి. అంతా పెంపకంలోనే ఉంది, ప్రేమగా పెంచితే ఏ కుక్కైనా ఒకటే అని ఒక వర్గం అంటుంది. ఎప్పటికైనా తిరగబడక మానదు అని రెండో వర్గం అంటుంది. వేరే జంతువులున్న ఇంటికి ఈ రెండు మాటలూ పనికిరావు. ఇంగ్లండ్‌లో ఎద్దుల మీదికి కుక్కలను ఉసిగొల్పే పందేలను 1835లో చట్టం నిషేధించాక, ఆ కుక్కలను టెర్రియర్లనే చిన్న వేట కుక్కలతో కలిపి కుక్కల పందేలకు పెంచారు. ఆ సంతతి అమెరికాకు వచ్చింది, 1898లో యునైటెడ్ కెన్నెల్ క్లబ్ వాటిని ఒక జాతిగా నమోదు చేయడం మొదలుపెట్టింది. తరాల తరబడి తోటి కుక్కతో పోరాడటానికే ఎంపిక చేసిన జాతిలో ఆ లక్షణం ఏ మాత్రం మిగలలేదని అనుకోవడం సరికాదు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో ప్రచురించిన సర్వేలో, తెలియని కుక్కల మీద తీవ్రంగా దూకుడు చూపినట్టు యజమానులు చెప్పినవి అకితా, జాక్ రస్సెల్ టెర్రియర్, పిట్ బుల్ జాతుల్లో 20 శాతానికి పైగా ఉన్నాయి. ఈ అంకెను రెండువైపుల నుంచీ చదవాలి. మిగతా జాతులతో పోలిస్తే అది ఎక్కువే, కానీ అత్యధిక భాగం కుక్కలు ఆ లెక్కలోకి రాలేదు కూడా. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన పెద్ద అధ్యయనం 18,000కు పైగా కుక్కల యజమానుల సమాధానాలను, రెండు వేలకు పైగా కుక్కల జన్యువులను పరిశీలించి, ఒక్కో కుక్క ప్రవర్తనలోని తేడాల్లో జాతి వల్ల వచ్చేది 9 శాతమేనని చెప్పింది.

పైగా షెల్టర్ బోనుకు తగిలించిన చీటీ మీద ఉన్న జాతి పేరు చాలాసార్లు చూపును బట్టి వేసిన అంచనాయే. ఫ్లోరిడాలో 120 షెల్టర్ కుక్కల మీద జరిగిన పరిశీలనలో, డీఎన్ఏ ప్రకారం పిట్ బుల్ ఆనవాళ్లు లేని కుక్కలను కూడా కొందరు సిబ్బంది ఆ రకంగానే గుర్తించారు. అందుకే నేను చీటీ చూసి భయపడను, ధైర్యమూ తెచ్చుకోను. ఎదురుగా ఉన్న ఆ ఒక్క కుక్క మరో కుక్కను చూసినప్పుడు, పిల్లిని చూసినప్పుడు ఏం చేస్తుందన్నది మాత్రమే చూస్తాను. 2007లో వర్జీనియాలో ఒక ఫుట్‌బాల్ ఆటగాడి పందేల స్థావరం నుంచి యాభై దాకా పిట్ బుల్స్‌ను స్వాధీనం చేసుకున్న కేసు మీరు వినే ఉంటారు. వాటిలో 22 కుక్కలు యూటాలోని బెస్ట్ ఫ్రెండ్స్ ఆశ్రమానికి వెళ్లాయి. ఒకే చోట, ఒకే క్రూరత్వంలో పెరిగిన ఆ కుక్కల్లో కొన్ని తర్వాత వేరే కుక్కలూ పిల్లులూ ఉన్న ఇళ్లలో కలిసిపోయాయి, కొన్ని జీవితాంతం ఆశ్రమం దాటలేకపోయాయి.

వయసు గురించి ఒక హెచ్చరిక. మీరు చూసిన కుక్కకు ఏడాదిన్నర. కుక్కలు శరీరంలో ముందే ఎదిగినా స్వభావంలో పూర్తిగా పెద్దవి కావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. ఈ రకం కుక్కల్లో తోటి కుక్కల పట్ల సహనం తగ్గేది సరిగ్గా ఈ మధ్యకాలంలోనే. ఏడాది వయసులో పార్కులో ప్రతి కుక్కతోనూ ఆడినది మూడో ఏట కొత్త కుక్క ముఖం మీదికి వస్తే సహించకపోవచ్చు. ఇది మీ పెంపకంలో లోపం కాదు, దాని ఎదుగుదలలో భాగం. కాబట్టి మొదటి నెల బాగా గడిచిందని గేట్లు తీసేయకండి. దాన్ని డాగ్ పార్కుకు తీసుకెళ్లే ఆలోచన ఉంటే మానుకోండి. అక్కడ ఇతరుల కుక్కలు మీ అదుపులో ఉండవు, ఏదైనా జరిగితే తప్పు ఎవరిదైనా నింద ఈ కుక్క మీదే పడుతుంది.

మీ విషయంలో అనుకూలమైన అంశం ఒకటుంది. మీ ఇంట్లో ఉన్నది ఆడకుక్క, రాబోయేది మగకుక్క. ఒకే ఇంట్లో ఒకే లింగానికి చెందిన రెండు కుక్కల మధ్య, ముఖ్యంగా రెండు ఆడకుక్కల మధ్య మొదలైన వైరం చల్లారడం చాలా కష్టం. ఆడ, మగ జోడీకి ఆ ప్రమాదం తక్కువ. రెండింటికీ స్టెరిలైజేషన్ ఆపరేషన్ అయి ఉండాలని వేరే చెప్పనక్కరలేదు. అయితే ఇండీలకు సొంత ఇల్లు, సొంత వీధి అన్న పట్టు గట్టిగా ఉంటుంది, ఇష్టం లేని దాన్ని అవి మొహమాటం లేకుండా చెబుతాయి. ఆరేళ్ల ఆడకుక్క మెల్లగా గుర్రుమని, పెదవి పైకెత్తి పళ్లు చూపిస్తే ఆ మాట వినే కుక్క కావాలి. కుర్ర పిట్ బుల్ ఆట మొరటుగా ఉంటుంది. ఛాతీతో గుద్దుతుంది, మీద పడుతుంది, మెడ పట్టుకుని కుస్తీ పడుతుంది, పెద్దగా శబ్దాలు చేస్తుంది. ఆ ఆటను మీ కుక్క ఎంతసేపు భరిస్తుందో మీకే తెలియాలి. అవతలి కుక్క వద్దనగానే వెనక్కి తగ్గే లక్షణం కొత్త కుక్కలో ఉంటే సగం పని అయిపోయినట్టే. ఆ లక్షణం షెల్టర్ ఆటస్థలంలోనే కనబడుతుంది, అందుకే మీరు కళ్లారా చూడాలి.

ఇక తెచ్చాక ఏం చేయాలన్నది. ఇక్కడ తొందరపడేవాళ్లే ఎక్కువ.

మొదటి రెండు వారాలు పూర్తిగా వేరుగా ఉంచండి. కొత్త కుక్కకు ఒక గది, ఒక క్రేట్ (కుక్క పడుకునే బోను). దాని గది తలుపుకూ మిగతా ఇంటికీ మధ్య మరొక గేటు ఉండాలి, అంటే ఒక తలుపు పొరపాటున తెరుచుకున్నా రెండోది మూసి ఉండాలి. గోడకు అదిమి నిలబెట్టే బేబీ గేట్లు ఈ బరువుకు ఆగవు, స్క్రూలతో బిగించే ఎత్తైన గేటు కొనండి. షెల్టర్ హడావిడి నుంచి వచ్చిన కుక్క మొదటి రోజుల్లో నిజ స్వభావం చూపదు, భయంతో అణిగి ఉంటుంది. అది చూసి ఎంత బుద్ధిమంతుడో అని అందరితో కలిపేస్తారు, మూడో వారంలో అసలు కుక్క బయటపడుతుంది. ఈ రెండు వారాల్లో మీరు చేయాల్సింది వాసనల మార్పిడి. కొత్త కుక్క పడుకున్న దుప్పటి మీ కుక్క దగ్గర, మీ కుక్కది దాని దగ్గర పెట్టండి. పిల్లికి అన్నం గిన్నె ఆ మూసిన తలుపుకు దూరంగా మొదలుపెట్టి, అది నింపాదిగా తింటున్నంతవరకు రోజూ కొంచెం దగ్గరకు జరపండి.

ఈ ఎడబాటుకు ఆరోగ్య కారణం కూడా ఉంది. షెల్టర్ నుంచి వచ్చే కుక్కకు కెన్నెల్ దగ్గు, పేగు పరాన్నజీవులు ఉండటం మామూలు. మీ కుక్క టీకాలన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. టెక్సస్‌లో దోమల వల్ల హార్ట్‌వర్మ్ (గుండె, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో చేరే పురుగు) ఎక్కువ. కొత్త కుక్కకు అది ఉందని తేలితే నేరుగా మీ కుక్కకు అంటదు కానీ, చికిత్స సాగే నెలల్లో దాన్ని పరిగెత్తనివ్వకూడదు, కుస్తీ పట్టనివ్వకూడదు, అంటే పరిచయాల పని కూడా నెమ్మదించాల్సిందే. మరొకటి చాలామంది అడగడం మరిచిపోయేది: బబీసియా గిబ్సోనై పరీక్ష చేయించండి. ఇది ఎర్ర రక్తకణాల్లో చేరే పరాన్నజీవి. పిడుదులు కుట్టడం వల్లనే కాక కుక్కలు ఒకదాన్నొకటి కరుచుకున్నప్పుడు కూడా అంటుతుంది. పందేల నేపథ్యం వల్ల అమెరికాలో ఇది పిట్ బుల్ రకాల్లోనే ఎక్కువగా కనబడుతోంది. పైకి ఏ లక్షణమూ లేకుండా మోసే కుక్కలుంటాయి. మరో కుక్క ఉన్న ఇంటికి ఈ పరీక్ష తప్పనిసరి అని నా అభిప్రాయం. మామూలు రక్తపరీక్షలో ఇది తేలకపోవచ్చు, పరాన్నజీవి డీఎన్ఏను పట్టే పీసీఆర్ పరీక్ష కావాలని వెట్‌ను పేరు పెట్టి అడగండి.

కుక్కల పరిచయం ఇంట్లో చేయకండి, వీధిలో నడకతో మొదలుపెట్టండి. మీరు ఒక కుక్కను, మీ భర్త రెండో కుక్కను పట్టుకుని వీధికి చెరోవైపు ఒకే దిశలో నడవాలి. ఎదురెదురుగా తీసుకురాకూడదు, ముఖాముఖి రావడం కుక్కల మధ్య మర్యాద కాదు. లీష్ బిగించి పట్టుకోకండి, బిగువు కుక్కకు వెంటనే తెలుస్తుంది. రెండూ నేల వాసన చూస్తూ, ఒకదాన్నొకటి పట్టించుకోకుండా నడుస్తున్నాయంటే దూరం తగ్గించవచ్చు. ఒకటి నడక ఆపి రెండోదాన్ని చూస్తూ కొయ్యబారిపోతే మళ్లీ దూరం పెంచండి. ఇలా కొన్ని రోజులు నడిచాక పెరట్లో, బొమ్మలూ ఎముకలూ ఏమీ లేకుండా, కొత్త కుక్క మెడకు లీష్ వేలాడుతుండగా అయిదు నిమిషాలు కలవనివ్వండి. బాగా జరుగుతున్నప్పుడే ఆపేయండి. అలసట, అతి ఉత్సాహం ముదిరేవరకు సాగదీస్తే గొడవ అవుతుంది. ఆటలో శరీరాలు వదులుగా, వంకరగా కదులుతాయి, వంతులు మారుతుంటాయి, మధ్యమధ్య ఆగి ఒళ్లు విదిలించుకుంటాయి. ఒకటే ఎప్పుడూ పైన, మరొకటి ఎప్పుడూ కింద ఉంటే, కింద ఉన్నది తోక ముడిచి తప్పించుకోవాలని చూస్తుంటే అది ఆట కాదు, వెంటనే పిలిచి విడదీయండి.

అన్నం మాత్రం ఎప్పటికీ వేర్వేరు గదుల్లో, తలుపు మూసి. నాకు తెలిసిన ఒక తెలుగు కుటుంబంలో పిట్ బుల్, లాబ్రడార్ రెండేళ్లపాటు ఒకే సోఫా మీద నిద్రపోయాయి. ఒకరోజు వంటగదిలో మటన్ ఎముక ఒకటి నేల మీద పడింది. రెండూ ఒకేసారి వెళ్లాయి. లాబ్రడార్ చెవికీ మెడకీ కుట్లు పడ్డాయి. అంతకుముందు వాటి మధ్య గుర్రుమన్న సందర్భం కూడా లేదు, ఎందుకంటే అంత విలువైన వస్తువు వాటి మధ్య ఎప్పుడూ పడలేదు. ఆ కుటుంబం కుక్కను వదులుకోలేదు. వంట జరుగుతున్నంతసేపు రెండూ గేటు అవతల ఉండాలన్న ఒక్క నియమం పెట్టుకున్నారు, ఆ తర్వాత మళ్లీ అలాంటిది జరగలేదు.

పిల్లి. దీనికి అన్నిటికంటే ఎక్కువ సమయం పడుతుంది, ఇక్కడే మీరు మనసు గట్టిచేసుకుని నిర్ణయం తీసుకోవాల్సి రావచ్చు. ముందు పిల్లికి కుక్క అడుగుపెట్టలేని గది ఒకటి ఉండాలి, మిగతా గదుల్లో అల్మారాలు, గోడ పలకలు వంటి ఎత్తైన దారులు ఉండాలి. మొదటి చూపు గేటు అవతల నుంచి, కుక్క లీష్ మీద ఉండగా. ముందుగా కుక్కను బాగా నడిపించి తీసుకురండి, చేతిలో ఉడికించిన చికెన్ చిన్న ముక్కలు పెట్టుకోండి. పిల్లి కనబడిన క్షణంలో పిల్లిని కాక కుక్క ముఖాన్ని చూడండి. చెవులు ముందుకు నిక్కుతాయి, అది సహజమే. తర్వాతి రెండు మూడు సెకన్లలో ఏం జరుగుతుందన్నదే అసలు పరీక్ష. నోరు కొద్దిగా తెరుచుకుని, నాలుక కనిపిస్తూ, మీరు పేరు పిలవగానే తల తిప్పి ముక్క తీసుకుందంటే అది కుతూహలం. నోరు మూసుకుపోయి, బరువంతా ముందు కాళ్ల మీదికి వచ్చి, తోక పైకి లేచి కదలకుండా, ఒళ్లంతా సన్నగా వణుకుతూ, ముక్కు దగ్గర చికెన్ పెట్టినా అది ఉన్నట్టే తెలియనట్టుంటే అది వేట చూపు. మొదటి రకం కుక్కకు నేర్పించవచ్చు. పిల్లిని చూసి మీ వైపు తిరిగిన ప్రతిసారీ ముక్క ఇస్తూ వారాల తరబడి సాగితే పిల్లి ఇంట్లో ఒక మామూలు వస్తువు అయిపోతుంది. రెండో రకం చూపు రెండు మూడు వారాల ఓపికైన ప్రయత్నం తర్వాత కూడా తగ్గకపోతే ఆ కుక్క మీ ఇంటికి తగదు. దాన్ని కొట్టడం, అరవడం, షాక్ కాలర్ వేయడం వల్ల ఆ చూపు పోదు. పిల్లి కనబడినప్పుడల్లా నొప్పి కలుగుతుందని నేర్చుకుని అది పిల్లిని మరింత ద్వేషిస్తుంది.

నెమ్మదిగా నడిచే పిల్లిని చూసి ఊరుకున్న కుక్క పరిగెత్తే పిల్లిని చూసి ఊరుకోకపోవచ్చు. కాబట్టి గేటు లేకుండా కలిసే దశ వచ్చాక కూడా కుక్క మెడకు లీష్ ఉండాలి, దాని మూతికి ముందే బాస్కెట్ మజిల్ అలవాటు చేసి ఉండాలి. తీగల బుట్ట లాంటి ఈ మజిల్‌తో కుక్క నోరు తెరవగలదు, నీళ్లు తాగగలదు, ముక్కలు తినగలదు. పైన గుడ్డ బిగించే రకం వాడకండి, దానితో వగర్చలేక ఒళ్లు వేడెక్కి ప్రమాదం వస్తుంది. మజిల్ లోపలి అంచుకు కొంచెం పీనట్ బటర్ రాసి, కుక్క తనంతట తానే మూతి పెట్టేలా రోజూ కొన్ని క్షణాలు అలవాటు చేస్తే పది పదిహేను రోజుల్లో సంతోషంగా తొడిగించుకుంటుంది. పీనట్ బటర్‌లో జైలిటాల్ లేదని డబ్బా మీద చదివి కొనండి, అది కుక్కలకు విషం.

కుందేలు. చిన్నగా ఉండి, చటుక్కున కదిలి, భయపడితే కీచుమనే జంతువును చూసి వేట బుద్ధి మేలుకోవడం ఏ టెర్రియర్ రక్తంలోనైనా ఉంటుంది. ముఖాముఖి పరిచయం ప్రయత్నించవద్దు, వీడియోల్లో చూసినవి నమ్మవద్దు. కుందేలు బోను మీ అమ్మాయి గదిలోనే ఉండాలి, ఆ తలుపుకు దానంతట అదే మూసుకునే కీలు బిగించండి, తలుపు బయటి వైపు మరొక గేటు పెట్టండి. కుక్క వాసన, తలుపు కింద దాని ఊపిరి శబ్దం కూడా కుందేలును బెదరగొడతాయి. బెదిరిన కుందేలు తినడం మానేస్తే ఒక్క రోజులోనే ప్రాణం మీదికి వస్తుంది. అందువల్ల కుక్కను ఆ తలుపు ముందు కూర్చోనివ్వకండి. మీ అమ్మాయి వయసు రాయలేదు. తలుపు వేశానా లేదా అని ప్రతిసారీ చూసుకునే వయసు కాకపోతే, కుందేలుకు వేరే ఇల్లు చూడటమో, ఈ కుక్కను తీసుకోకపోవడమో తేల్చుకోండి.

గొడవ జరిగితే ఏం చేయాలో ముందే తెలిసి ఉండాలి. నోటి దగ్గర, మెడపట్టీ దగ్గర చేయి పెట్టకండి. కుక్కలను విడదీయబోయి మనుషులు కాటు తినేది ఎక్కువగా అలాగే. పిట్ బుల్ దవడకు తాళం పడుతుందన్నది నిజం కాదు, దవడ నిర్మాణం అన్ని కుక్కలదీ ఒకటే. పట్టుకున్నది వదలకపోవడం మాత్రం ఈ రకంలో నిజం. అలా పట్టి ఉన్నప్పుడు లాగితే గాయం చీలిపోతుంది. ఇద్దరు మనుషులు చెరో కుక్క తొడల దగ్గర వెనక కాళ్లు పట్టుకుని కదలకుండా ఆపాలి, నోరు వదిలిన క్షణంలో వెనక్కి, పక్కకి వంపు తిరుగుతూ లాగాలి. వదలకపోతే బ్రేక్ స్టిక్ అనే చదునైన కొయ్యముక్కను వెనక దంతాల వెనుక సందులో దూర్చి మెలితిప్పితే పట్టు విడుతుంది. దీన్ని కొని ఇంట్లో రెండు చోట్ల పెట్టుకోండి, వాడటం శిక్షకుల దగ్గర నేర్చుకోండి. ఇంట్లో మీరొక్కరే ఉండే గంటల్లో రెండు కుక్కలనూ కలపకపోవడానికి ఇంకో కారణం ఇదే.

ఇప్పుడు మీ అత్తమామల సంగతి. తెలుగు ఇళ్లలో నేను చూసిన ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఈ కాలంలోనే వస్తాయి. ఇందులో పెద్దవాళ్ల తప్పేమీ లేదు. మన ఇళ్లలో తలుపులు తెరిచి ఉండటం, వంటింటికీ హాలుకీ మధ్య ఎవరూ అడ్డు లేకుండా తిరగడం, తింటూ కుక్కకు ఓ ముద్ద పెట్టడం ఆప్యాయతకు గుర్తులు. గేటు దాటడానికి మోకాళ్ల నొప్పులతో ఇబ్బందిపడి దాన్ని తెరిచే ఉంచుతారు. పెరుగన్నం ముద్ద రెండు కుక్కల మధ్య నేల మీద పెడతారు. కుక్క మీదికి దూకితే పడిపోయే ప్రమాదమూ ఉంది. అందుచేత వాళ్లు రావడానికి కనీసం నాలుగు నెలలు ముందు కుక్క ఇంటికి వచ్చి స్థిరపడి ఉండాలి, లేదంటే వాళ్లు వెళ్లాకే తెచ్చుకోవాలి. మధ్యలో తేవద్దు. కాలితో నొక్కితే తెరుచుకుని దానంతట అదే మూసుకునే గేట్లు దొరుకుతాయి, నడిచే దారుల్లో అవి పెట్టండి. కుక్కకు ముద్ద పెట్టాలన్న వాళ్ల ముచ్చటను కాదనకండి. క్రేట్‌లో ఉన్నప్పుడు గిన్నెలో వేసి వాళ్ల చేతే ఇప్పించండి. పూజలకో పుట్టినరోజుకో ఇంటినిండా జనం వచ్చిన రోజున కొత్త కుక్క తన గదిలో, తలుపు గడియ వేసి ఉండాలి, దాన్ని చూస్తామని పిల్లలు అడిగినా తీయకూడదు.

చట్టం, బీమా గురించి కూడా క్లుప్తంగా రాస్తాను. టెక్సస్‌లో నగరాలు, కౌంటీలు జాతి పేరుతో కుక్కలను నిషేధించడానికి రాష్ట్ర చట్టం ఒప్పుకోదు. కానీ మీ ఇంటి బీమా పాలసీలోనూ, కాలనీ సంఘం నిబంధనల్లోనూ ఈ రకం కుక్కల మీద ఆంక్షలు ఉండవచ్చు. షెల్టర్‌కు వెళ్లేముందే బీమా వాళ్లను అడిగి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఉద్యోగం మారితే మనవాళ్లు రాష్ట్రం మారడం, అపార్ట్‌మెంట్లలో దిగడం మామూలు. చాలా అపార్ట్‌మెంట్లు ఈ రకాన్ని అనుమతించవు. 1989 నుంచి పిట్ బుల్స్‌ను నిషేధించిన డెన్వర్ నగరంలో 2020 ఓటింగ్ తర్వాత ప్రత్యేక అనుమతి పద్ధతి వచ్చింది. ఇంగ్లండ్‌లో 1991 చట్టం ప్రకారం నిషేధం ఇంకా ఉంది. ఇండియాకు తిరిగి వెళ్లే ఆలోచన ఉంటే మరింత జాగ్రత్త అవసరం. కేంద్ర పశుసంవర్ధక శాఖ 2024 మార్చిలో పిట్ బుల్ సహా 23 జాతుల దిగుమతి, పెంపకం, అమ్మకాలను ఆపమని రాష్ట్రాలకు లేఖ రాసింది. ఆ లేఖను కర్ణాటక హైకోర్టు ఏప్రిల్‌లో కొట్టివేసింది, అయినా కొన్ని నగరపాలక సంస్థలు సొంతంగా ఆంక్షలు పెట్టాయి. కొన్ని విమానయాన సంస్థలు ఈ రకం కుక్కలను ఎక్కించుకోవు. రెండు మూడేళ్లలో వెళ్లిపోతామని మీకు గట్టిగా అనిపిస్తుంటే ఈ కుక్కను తీసుకోవద్దనే చెబుతాను.

శనివారం మళ్లీ షెల్టర్‌కు వెళుతున్నామని రాశారు కాబట్టి అక్కడ అడగాల్సినవి చెబుతాను. ఆ కుక్క ఇతర కుక్కలతో ఆడే గుంపులో ఎలా ఉందో సిబ్బంది రాసుకున్న వివరాలు చూపించమనండి, ఆడకుక్కలతో ఎలా ఉందో ప్రత్యేకంగా అడగండి. వీధిలో దొరికిందా, ఎవరైనా వదిలేసి వెళ్లారా, వదిలేస్తే ఏ కారణం రాశారు అన్నది తెలుసుకోండి. ఇదివరకు ఎవరైనా తీసుకెళ్లి తిరిగి ఇచ్చారా అన్నది తప్పకుండా అడగండి. పిల్లితో పరీక్షించారా అంటే లేదనే జవాబు ఎక్కువసార్లు వస్తుంది, చాలా షెల్టర్లకు ఆ వసతి ఉండదు. అలాంటప్పుడు వెంటనే దత్తత పత్రాల మీద సంతకం చేయకుండా, కొన్ని వారాలు ఫోస్టర్‌గా ఇంటికి తీసుకెళ్లి చూసి ఆ తర్వాత నిర్ణయించుకునే పద్ధతి ఉందేమో అడగండి. టెక్సస్‌లోని చాలా షెల్టర్లు దీనికి ఒప్పుకుంటాయి. ఆ వారాల్లో చూసిన ప్రతి విషయాన్నీ తేదీతో రాసుకోండి. మీ ఇంటికి కుదరక తిరిగి ఇవ్వాల్సి వచ్చినా, పిల్లిని చూసి ఇలా చేసింది, కుక్కతో ఇలా ఉంది, మనుషులతో ఇలా ఉంది అని మీరిచ్చే ఆ కాగితం చూసే సిబ్బంది దానికి సరైన ఇల్లు వెతుకుతారు.